యాప్ వదిలేసినవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి: సీమ పల్లెల్లో డిజిటల్ ఆరోగ్య సాధనాల తయారీ, పరీక్ష

దీపావళి దాటితే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు, ఊళ్లు ఖాళీ అవడం మొదలవుతుంది. మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరతాయి. చాలామంది తిరిగి ఇల్లు చేరేది ఉగాదికే. ఊళ్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. కొన్ని ఇళ్లలో పిల్లలు కూడా మిగలరు. ఇలాంటి చోట బీపీ, సుగర్ మాత్రలను గుర్తుచేసే ఒక ఫోన్ సేవను జూలైలో మొదలుపెట్టారనుకుందాం. సెప్టెంబరు నాటికి లెక్కలన్నీ ముచ్చటగా ఉంటాయి. కాల్ ఎత్తేవాళ్లు ఎక్కువ, చివరిదాకా వినేవాళ్లూ ఎక్కువే. జనవరి వచ్చేసరికి చాలా నంబర్లు పలకవు. నిర్వాహకుల కంప్యూటర్ మీద ఆ పేర్లన్నిటి పక్కనా 'వాడటం మానేశారు' అని పడుతుంది. నిజానికి వాళ్లకు ఆసక్తి తగ్గలేదు. ఊరు మారింది, చాలామందికి సిమ్ మారింది, మాత్రలిచ్చే ఆరోగ్య కేంద్రం వంద మైళ్ల దూరమైంది. మాత్రలు ఆగిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ, ఆ సేవ అవసరమూ అప్పుడే ఎక్కువ.

ఆరోగ్య యాప్‌లు, వాయిస్ కాల్ సేవలు, వాట్సాప్ బాట్‌లు (తమంతట తామే జవాబులిచ్చే ప్రోగ్రాములు) తయారుచేసేవాళ్లు తరచుగా చేసే పెద్ద పొరపాటు ఇది. వాడుతూ ఉన్నవాళ్లను చూసి సాధనం మంచిదో కాదో తేల్చేస్తారు. వదిలేసినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అలా జారిపోయేది ఎవరో చూస్తే విషయం తెలుస్తుంది. మిరప చేలో ఉన్న కూలీ, సొంత ఫోన్ లేని ఇల్లాలు, చదువు రాని పెద్దాయన, బెంగళూరులో భవన నిర్మాణ పనికి పోయిన అనంతపురం కుర్రాడు, కువైట్‌లో ఇంటిపని చేస్తున్న రాయచోటి వైపు ఆడమనిషి. సాధనం తయారీ అయినా, దాని పరీక్ష అయినా వీళ్ల దగ్గర మొదలైతేనే ఈ ప్రాంతంలో పనికొస్తుంది. ఖర్చూ శ్రమా ఎక్కువే అవుతాయి. అయినా ఇందులో రాజీ పడకూడదు.

2005లో గుంథర్ ఐసెన్‌బాక్ అనే పరిశోధకుడు ఇంటర్నెట్ ద్వారా నడిచే ఆరోగ్య కార్యక్రమాల గురించి రాస్తూ, వాటిని మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కువమంది ఉండటం సహజమేననీ, దాన్ని దాచిపెట్టకుండా కొలిచి చూడాలనీ వాదించాడు. వదిలేయడంలో రెండు రకాలున్నాయన్నాడు. కొందరు పరిశోధకులకే అందకుండా పోతారు. మరికొందరు అందుబాటులోనే ఉంటారు గానీ సాధనాన్ని ముట్టుకోరు. సీమ ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు దీనికి మూడో రకాన్ని కలపాలి. కాల్ ఎత్తుతారు, చివరిదాకా వింటారు, యాప్ తెరుచుకుంటూనే ఉంటుంది. కానీ విన్నది మనవడు, తెరిచింది కోడలు. రోగికి ఒక్క మాటా చేరదు. లెక్కల్లో మాత్రం ఆయన చాలా చురుకైన యూజర్. మొదటి రెండు రకాలైనా నిర్వాహకుల కంట పడతాయి, ఈ మూడోది పడదు. అందుకే దీనితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే సందర్భం కూడా ఉంది. ఒకావిడ మూడు నెలలు రిమైండర్ విని, రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకోవడం అలవాటు చేసుకుంది. ఆ తర్వాత కాల్స్ కట్ చేస్తోంది. యాప్ దృష్టిలో ఆమె ఓడిపోయిన కేసు, ఆరోగ్యం దృష్టిలో గెలిచిన కేసు. రోజూ తెరిపించడమే లక్ష్యంగా పాయింట్లు, బ్యాడ్జీలు, వరసగా ఇన్ని రోజులు వాడారన్న లెక్కలు పెట్టేవాళ్లు ఈ తేడాను మర్చిపోతారు. ఏ మనిషికి ఎంత వాడకం సరిపోతుందో ముందుగా అనుకుని, దాన్నే కొలవాలి. వినోదం యాప్‌ల కొలబద్దలు ఆరోగ్యానికి అతకవు.

మూడు పరీక్షలు ఏం చెప్పాయి

దక్షిణ భారతంలోనే జరిగిన కొన్ని పరీక్షల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఫోన్ మెసేజ్ ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో కొంత అర్థమవుతుంది.

మొదటిది 2013లో వెలువడింది. సుగర్ వచ్చే సూచనలున్న, ఉద్యోగం చేసుకుంటున్న 537 మంది మగవాళ్లను రెండు గుంపులుగా విడదీశారు. అందరికీ ఆహారం, వ్యాయామం గురించి సలహాలిచ్చారు. ఒక గుంపుకు మాత్రం ఆపైన క్రమం తప్పకుండా ఎస్సెమ్మెస్‌లు పంపారు. మారాలన్న ఆలోచనలో మనిషి ఏ దశలో ఉన్నాడో చూసుకుని మెసేజ్ రాశారు. రెండేళ్లలో మెసేజ్‌లు అందిన గుంపులో 18 శాతం మందికి, అందని గుంపులో 27 శాతం మందికి సుగర్ వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. అయితే వాళ్లు ఎలాంటివాళ్లో కూడా చూడాలి. నెల జీతం, సొంత ఫోన్, చదువు, ఎక్కడికీ పోని చిరునామా ఉన్నవాళ్లు. నడవమంటే నడవడానికి, నూనె తగ్గించమంటే తగ్గించుకోవడానికి వీలున్న జీవితాలు.

రెండోది 2014 నాటిది. హెచ్‌ఐవీకి కొత్తగా మందులు మొదలుపెట్టిన 631 మందిలో సగం మందికి వారం వారం ఫోన్ కాల్, దాంతో పాటు బొమ్మతో కూడిన మెసేజ్ పంపారు. మిగతా సగం మందికి మామూలు వైద్యమే. రెండేళ్లకు దగ్గరగా, 96 వారాలు చూశారు. మందు విఫలమవడంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మతిమరుపుకు రిమైండర్ మందు అవుతుంది. కానీ ఈ జబ్బులో మాత్ర మానడానికి భయం, ఇంట్లో తెలుస్తుందన్న బెంగ, ప్రయాణం, సైడ్ ఎఫెక్ట్‌లు, మనసు విరగడం లాంటి కారణాలు కూడా ఉంటాయి. అనంతపురం వైపు బత్తలపల్లిలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి లాంటి చోట్లకు ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి మందులు తీసుకునేవాళ్లను తలుచుకుంటే ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆగిపోయిన మనిషికి 'మాత్ర వేసుకున్నారా?' అనే కాల్ ఏ మేలూ చేయదు.

మూడోది మన రాష్ట్రంలోనే, పశ్చిమ గోదావరి జిల్లాలో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో 54 ఊళ్లు. ఆశా వర్కర్లకు ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు లెక్కగట్టేలా శిక్షణ ఇచ్చారు. ముప్పు ఎక్కువున్నవాళ్లను డాక్టర్ దగ్గరకు పంపాలి, డాక్టర్‌కు కూడా ఏ మందు రాయాలో యాప్ సూచిస్తుంది. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో, సాధనం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఫలితాన్ని వైఫల్యం అని పక్కన పెట్టేయడం అన్యాయం. ఆశా వర్కర్లు ట్యాబ్లెట్ వాడగలరని, వేల మందిని పరీక్షించగలరని అది చూపించింది. ముప్పు కనిపెట్టడం దగ్గర్నుంచి మాత్ర రోజూ నోట్లో పడేదాకా ఉన్న దారిలో యాప్ ఒక ముక్కను మాత్రమే పట్టుకోగలదని కూడా చూపించింది. డాక్టర్ ఉండాలి, మందు స్టాక్ ఉండాలి, కూలి పోగొట్టుకోకుండా వెళ్లే వేళకు ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండాలి.

ఈ మూడు ఫలితాలూ చదివాక సీమలో ఏ సాధనం మొదలుపెట్టేవాళ్లయినా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఇక్కడ జనం మాత్రలు ఎందుకు మానుతున్నారు? పది ఊళ్లు తిరిగి అడిగితే జవాబు దొరుకుతుంది. అది మతిమరుపు అయితే రిమైండర్ పెట్టండి. స్టాక్ లేకపోవడమైతే రిమైండర్ పంపాల్సింది రోగికి కాదు, మందుల గిడ్డంగికి.

ఫోన్ ఎవరిది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవాళ్లు 48.9 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు 21 శాతం, మగవాళ్లలో 48.8 శాతం. అప్పటినుంచి పల్లెల్లో స్మార్ట్ ఫోన్లు పెరిగాయి. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, పగలు ఆడమనిషి చేతిలో ఉండటం వేరు. మొగుడు పనికి పోతూ జేబులో పెట్టుకుపోతాడు, సాయంత్రం చదువు పేరుతో పిల్లల చేతికి పోతుంది. ఆమెకు ఫోన్ దొరికే సమయం రాత్రి తొమ్మిది తర్వాత, అదీ ఛార్జింగ్ ఉంటే.

కాబట్టి 'ఉదయం ఎనిమిదికి రిమైండర్' అని ఆఫీసులో కూర్చుని నిర్ణయించే పద్ధతి ఇక్కడ పారదు. ఎండాకాలం ఉపాధి పనులకు తెల్లవారకముందే బయలుదేరతారు. కలుపు రోజుల్లో ఒక వేళ, బుడ్డలు (వేరుశనగ) పీకే రోజుల్లో ఇంకో వేళ. కడప, కర్నూలు, ఆదోని పట్టణాల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. రంజాన్ నెలలో రోజా ఉండే సుగర్ పేషెంటుకు మధ్యాహ్నం మాత్ర గుర్తుచేయడం పనికిమాలిన పని మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఏమీ తినకుండా మాత్ర వేసుకుంటే సుగర్ పడిపోవచ్చు. ఆ నెలకు ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు వేళలు, మోతాదులు మార్చుకోమని చెప్పి, సహరీ, ఇఫ్తార్ వేళలకు తగ్గట్టు మారే సాధనం కావాలి. దీనికి పెద్ద సాంకేతికత అవసరం లేదు. తయారుచేసే బృందంలో ఒకరికి కడప పాతబస్తీ తెలిసి ఉంటే చాలు.

భాష సంగతి కూడా పైకి కనిపించినంత సులువు కాదు. మడకశిర, రాయదుర్గం వైపు, ఆదోని పడమటి పల్లెల్లో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లున్నారు. కడపలో, కర్నూలులో ఉర్దూ ఇళ్లున్నాయి. తెలుగు లిపిలో ఎస్సెమ్మెస్‌కు ఒక ముక్కలో 70 అక్షరస్థానాలే పడతాయి, ఇంగ్లీషుకు 160. ఒత్తులు, గుణింతాలు కూడా అందులో స్థలం తీసుకుంటాయి గనుక తెలుగులో ఒక పూర్తి సలహా చెప్పాలంటే రెండు మూడు మెసేజ్‌ల ఖర్చు అవుతుంది. ఖర్చు తగ్గించడానికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుతారు. అరవై ఏళ్ల మనిషికి అది ఏ భాషా కాదు. చదవలేనివాళ్లకు వాయిస్ కాలే దిక్కు. ఆ గొంతు రేడియో వార్తల గొంతులా కాకుండా ఆ ఊరి నర్సమ్మ మాట్లాడినట్టు ఉంటే వినే ఓపిక పెరుగుతుంది.

ఆహారం దగ్గర ఇంకా వివరంగా చూడాలి. చాలా సుగర్ యాప్‌లు ఏం తిన్నారో కప్పుల్లో, గ్రాముల్లో అడుగుతాయి. అనంతపురం పల్లెలో రాగి సంగటిని ముద్దల్లో లెక్కపెడతారు. ఆ ముద్ద ఒక ఇంట్లో ఒక సైజు, పక్కింట్లో ఇంకో సైజు. పైగా సంగటిలో బియ్యం కూడా కలుస్తుంది. ఎంత కలుస్తుందన్నది ఇంటింటికీ మారుతుంది. రాగి మంచిదన్న నమ్మకంతో రెండు పెద్ద ముద్దలు తిని సుగర్ ఎందుకు తగ్గలేదని బాధపడేవాళ్లు చాలామంది. ఉగ్గాని, బజ్జీ, ఊరిబిండి, ఓళిగలు ఆహార పట్టికలోనే లేకపోతే యూజర్ దగ్గరలో ఉన్న ఇంకేదో నొక్కుతాడు, లెక్క మొత్తం తప్పుతుంది. ముద్దల బొమ్మలు మూడు సైజుల్లో చూపించి 'మీ ఇంట్లో ఏది?' అని అడగడం, బియ్యం ఎంత వేస్తారో ఒక్కసారి అడిగి గుర్తుపెట్టుకోవడం వంటివి చిన్న మార్పులే. కానీ తన తిండి ఆ యాప్‌కు తెలుసని అనిపిస్తేనే మనిషి రెండో రోజు కూడా దాన్ని తెరుస్తాడు.

మొహమాటం మాటలు

సాధనం తయారయ్యాక ఊరికి తీసుకెళ్లి చూపిస్తారు. నలుగురిని పిలిచి, వాడించి, 'ఎట్లుందమ్మా?' అని అడుగుతారు. 'బాగుంది సార్' అంటారు. ఆ మాటను నివేదికలో రాసుకుని వెళ్లిపోతే పరీక్ష జరగనట్టే లెక్క. ఇంటికొచ్చినవాళ్ల మనసు నొప్పించకూడదన్న మర్యాద అది. బెంగళూరులో జరిగి 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ మర్యాద బరువెంతో కొలిచి చూపింది. ఒకే రకమైన రెండు సాధనాలను చూపించి, ఒకటి అడిగే మనిషే తయారుచేశాడని చెప్తే, జనం దాన్నే రెండున్నర రెట్లు ఎక్కువగా మెచ్చుకున్నారు. అడిగే మనిషి దుబాసీ కావాల్సిన విదేశీయుడైతే అది అయిదు రెట్లకు పోయింది. అనంతపురానికి బెంగళూరు దగ్గరే. ఇక్కడి ఫలితం వేరుగా వస్తుందనుకోవడానికి కారణమేమీ లేదు.

అందుకే అభిప్రాయం అడక్కుండా పని చెప్పాలి. 'రేపు రాత్రికి బీపీ మాత్ర గుర్తుచేసేటట్టు పెట్టుకో పెద్దమ్మా' అని ఫోన్ చేతికిచ్చి, నోరు మూసుకుని చూడాలి. ఎక్కడ వేలు ఆగింది, ఎప్పుడు పక్కన ఉన్న పిల్లాడి వైపు చూసింది, ఏ బొమ్మను ఏమనుకుంది అన్నవి రాసుకోవాలి. చేయలేకపోతే తప్పు యాప్‌దని, ఆమెది కాదని ముందే గట్టిగా చెప్పాలి. సాయం చేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోవాలి. వారం తర్వాత చెప్పాపెట్టకుండా మళ్లీ వెళ్లి అదే పని చేయించి చూస్తే గుర్తున్నది ఎంతో బయటపడుతుంది.

ఎవరిని పిలవాలన్నది ఇంకో చిక్కు. ఆశా వర్కర్‌ను మనుషుల్ని తెమ్మంటే, పాపం, తనకు మాట రాకుండా చూసుకుంటుంది. చదువుకున్నవాళ్లను, చెప్పింది చేసేవాళ్లను, ఊళ్లో ఉండేవాళ్లను తెస్తుంది. అయిదుగురితో పరీక్షిస్తే తెర మీది లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని, సాధనాలు వాడటానికి ఎంత సులువో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట ఈ రంగంలో అందరికీ తెలుసు. మనుషులు రకరకాలుగా ఉంటే ఒక్కో రకం నుంచి విడిగా పిలవాలని ఆయనే చెప్పిన సంగతి మాత్రం ఎవరూ గుర్తుంచుకోరు. ఇక్కడ కనీసం చదవలేనివాళ్లు, ఫోన్ పంచుకునేవాళ్లు, కన్నడమో ఉర్దూనో మాట్లాడేవాళ్లు, నిరుడు వలస పోయినవాళ్లు, ఇంతకుముందు ఏదో ఒక సేవలో చేరి మానేసినవాళ్లు ఉండి తీరాలి. చివరి గుంపు దగ్గర దొరికే సమాచారం మిగతా అందరి దగ్గరా దొరికేదానికంటే విలువైనది.

కోడ్ రాయకముందే చాలా పరీక్షలు చేసుకోవచ్చు. కాగితం మీద తెరల బొమ్మలు గీసి చూపించవచ్చు. వాట్సాప్ బాట్ కట్టాలనుకుంటే, రెండు వారాలు ఒక నర్సును కూర్చోబెట్టి ఆమె చేతనే జవాబులు ఇప్పించవచ్చు. అటువైపు మనిషి ఉన్న సంగతి జనానికి చెప్పే చేయాలి. జనం నిజంగా ఏం అడుగుతారో, ఎలా అడుగుతారో అప్పుడు తెలుస్తుంది. 'కండ్లు తిరుగుతాండాయి', 'అరికాళ్లు మండుతాండాయి', 'గుండెకాడ పట్టేసినట్టుండాది' అని వాయిస్ మెసేజ్‌లు వస్తాయి. పాఠ్యపుస్తకాల తెలుగు మీద శిక్షణ పొందిన, మాటలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వీటిలో ఎన్నిటిని సరిగా పడుతుందో కొలిచాకే బాట్‌ను ఊళ్లోకి వదలాలి. మూడో వాక్యం లాంటిది వినగానే బాట్ సలహాలు ఆపి 108కి ఫోన్ చేయమనాలి. ఒక్కసారి కూడా తప్పకూడని పరీక్ష అది. సగటు మార్కులు చూపించి సర్దుకోవడం కుదరదు.

ఉగాది దాకా నడవాల్సిన పరీక్ష

తెర బాగుందో లేదో తేల్చే పరీక్ష తర్వాత, ఆరోగ్యం బాగుపడిందో లేదో తేల్చే పరీక్ష రావాలి. అందులో మొదటి షరతు కాలం. జూన్ నుంచి అక్టోబరు వరకు నడిపి ముగించే పైలట్ (చిన్న ఎత్తున చేసే తొలి ప్రయోగం) కర్నూలు పడమటి మండలాల గురించి సగం నిజమే చెబుతుంది. జనం ఊరు వదిలే నెలలు, తిరిగొచ్చే నెలలు రెండూ అందులో ఉండాలి. అంటే ఏడాది తక్కువ కాకుండా.

రెండోది, ఎవరికి సాధనం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న విభజన. ఒకే ఊళ్లో కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోతే రచ్చబండ దగ్గర రెండు రోజుల్లో అందరికీ అన్నీ తెలిసిపోతాయి. పక్క ఊరికి ఇవ్వకపోయినా, ఒకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ఆశా వర్కర్లు మీటింగుల్లో కలుస్తూనే ఉంటారు. అందుకని ఆరోగ్య కేంద్రం మొత్తాన్నే ఒక ముక్కగా తీసుకుని చీటీలు వేసి విడదీయాలి. అలా చేస్తే కావలసిన మనుషుల సంఖ్య పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. తక్కువ ఖర్చులో తప్పుడు జవాబు తెచ్చుకునేకంటే అదే నయం.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మొదట ఎవరిని ఏ గుంపులో చేర్చుకున్నారో, చివరి లెక్కలో కూడా వాళ్లను ఆ గుంపులోనే ఉంచాలి. మధ్యలో ఫోన్ ఎత్తనివాళ్లను, వలస పోయినవాళ్లను తీసేసి మిగిలినవాళ్ల బీపీ చూపిస్తే ఏ సాధనమైనా గొప్పగా కనిపిస్తుంది. మిగిలినవాళ్లు అసలే స్థిరంగా, శ్రద్ధగా ఉండేవాళ్లు కదా. ఈ నియమం వైద్య పరిశోధనలో పాతదే. యాప్‌ల నివేదికల్లో మాత్రం తరచూ తప్పిపోతుంది. 'యాక్టివ్ యూజర్లలో ఇంత శాతం మెరుగుదల' అన్న వాక్యం కనిపిస్తే, మొదట చేరినవాళ్లు ఎందరో అడగకుండా ముందుకు పోకూడదు.

వలస పోయినవాళ్లను వెతికి పట్టుకోవడం కష్టమే, అసాధ్యం కాదు. చేర్చుకునే రోజే ఊళ్లో ఉండిపోయే చుట్టం నంబరు తీసుకోవాలి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ నంబరు ఉంటే ఇంకా మంచిది, కానీ జబ్బు సంగతి మేస్త్రీ చెవిన పడకూడదు. ఉగాదికి, ఊరి జాతరకు మనుషులు తిరిగొస్తారు గనుక బీపీ కొలిచే తేదీలు వాటికి దగ్గరగా పెట్టుకోవాలి. కొలవడం కూడా నిజంగా కొలవాలి. టీబీ మాత్రల కోసం దేశంలో వాడిన 99డాట్స్ పద్ధతిలో, మాత్ర తీయగానే అట్ట వెనక ఒక ఫోన్ నంబరు కనిపిస్తుంది, దానికి ఉచితంగా కాల్ చేస్తే మాత్ర వేసుకున్నట్టు నమోదవుతుంది. చవకైన, తెలివైన ఆలోచన. మూత్ర పరీక్షలతో పోల్చి చూసినప్పుడు మాత్ర మింగి కాల్ చేయనివాళ్లూ కనిపించారు, కాల్ చేసి మింగనివాళ్లూ కనిపించారు. ఫోన్ చెప్పే లెక్కను శరీరం చెప్పే లెక్కతో సరిచూడకుండా వదలకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మనిషి ఆసరా

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కార్డు, కంప్యూటర్, ఆన్‌లైన్ అనుమతులతో నడిచే పథకం అది. ఏ కిటికీ దగ్గరకు పోవాలో తెలియని పల్లె మనిషికి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దారి చూపించబట్టే అది జనానికి అందింది. తర్వాత వచ్చిన ఈ-సంజీవని టెలిమెడిసిన్‌లోనూ అంతే, ఊరి క్లినిక్‌లో కూర్చున్న ఆరోగ్య సిబ్బంది డాక్టర్‌తో కలుపుతారు, ముసలాయన ఏ మీటా నొక్కనక్కర్లేదు. ఈ ప్రాంతంలో నిలిచే డిజిటల్ సాధనానికి ఒక చివర తెలిసిన మనిషి ఉండాలన్న పాఠం ఇక్కడే, మన కళ్లముందే ఉంది.

అయితే ఆ మనిషి మీద ఇప్పటికే బరువు ఎక్కువ. ఏఎన్‌ఎమ్‌లు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు రకరకాల పోర్టళ్లలో, యాప్‌లలో వివరాలు ఎక్కిస్తూనే ఉన్నారు. ఒకే బాలింత వివరాలు ఒకటికి మించి చోట్ల టైప్ చేయాల్సి వస్తుంది. కొత్త సాధనం ఇంకో రిజిస్టరుగా వస్తే, పరిశోధకులు ఉన్నన్నాళ్లు నింపుతారు, వాళ్లు వెళ్లాక ఆపేస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. బీపీ నియంత్రణ కార్యక్రమంలో కొన్ని రాష్ట్రాల్లో వాడిన 'సింపుల్' అనే యాప్‌ను ఈ దృష్టితో గమనించాలి. రోగికి క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు ఇస్తారు. మళ్లీ వచ్చినప్పుడు కార్డు స్కాన్ చేసి, బీపీ అంకె, మందు రాసేస్తే పని అయిపోతుంది. అంతకంటే అడగరు. బదులుగా ఆ యాప్ నర్సుకు పనికొచ్చేది ఒకటిస్తుంది, రావాల్సిన తేదీ దాటినా రానివాళ్ల జాబితా. టైప్ చేసినదానికి తిరిగి ఏదో ఒక ఉపయోగం దొరికితే సిబ్బంది యాప్‌ను వదలరు.

కర్నూలు, అనంతపురంలో ఆ జాబితాకు ఒక మార్పు చేయాలి. రానివాళ్ల జాబితాతో పాటు 'పోబోతున్నవాళ్ల' జాబితా కావాలి. నిరుడు నవంబరు నుంచి మార్చి దాకా కనపడనివాళ్లు ఈ ఏడు కూడా అదే కాలంలో వెళ్లే అవకాశం ఎక్కువ. దసరా అయిపోగానే ఆ పేర్లను ఆశాకు చూపిస్తే, ఆమె వెళ్లి అడిగి, రెండు మూడు నెలల మాత్రలు ముందే ఇప్పించగలదు, కార్డు జేబులో పెట్టి గుంటూరు వైపు ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా చూపించమని చెప్పగలదు. ఇందులో కృత్రిమ మేధ ఏమీ అక్కర్లేదు, పాత తేదీలు చూడటమే పని. రోజూ మోగే రిమైండర్‌కంటే ఇది ఎన్నో రెట్లు మేలు చేస్తుందని నమ్మడానికి కారణం ఉంది. ఇది మనిషిని కదిలించి మందును చేతికి అందిస్తుంది, కాల్ మాత్రం చెవికి మాటనే అందిస్తుంది. ఎక్కువ నెలల మందు ఇవ్వడానికి స్టాకు, అనుమతి ఉండాలి కాబట్టి, జిల్లా వైద్యాధికారులతో ఆ మాట తేలాకే యాప్ పని మొదలుపెట్టాలి.

గోప్యత గురించి చట్టం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో గానీ చూసుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ అందులో ఉన్నాయి. కానీ ఊళ్లో గుట్టు రట్టయ్యేది సర్వర్ దగ్గరకంటే ఎక్కువగా ఇంటి అరుగు మీద. స్పీకర్ ఆన్ చేసి వినే ఇళ్లలో 'మీ టీబీ మందులు' అని మొదలయ్యే కాల్ ఒక పెళ్లి సంబంధాన్ని చెడగొట్టగలదు. గర్భం సంగతి ఇంకా అత్తగారికే చెప్పని పిల్లకు మెసేజ్ ముందే వచ్చేస్తే ఏమవుతుందో తయారుచేసేవాళ్లు ఆలోచించాలి. జబ్బు పేరు లేకుండా మెసేజ్ మొదలుపెట్టడం, వినేది ఎవరో ఒక చిన్న ప్రశ్నతో తేల్చుకోవడం, ఏ వేళకు ఎవరి ఫోన్‌కు చేయాలో రోగినే అడగడం, వద్దంటే వెంటనే ఆపడం అనేవి పరీక్షలో విడిగా చూడాల్సిన అంశాలు.

ఇక పైలట్ ముగిశాక ఏమవుతుందన్నది. ఏడాది పాటు కాల్స్ విని అలవాటుపడిన మనిషికి ఒకరోజు అవి ఆగిపోతాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. టోల్‌ఫ్రీ నంబరు పలకదు, వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చే ప్రతి కొత్త సేవనూ ఆ ఊరు అనుమానంగానే చూస్తుంది. దీన్ని మొదటి రోజే ఆపవచ్చు. ఆరోగ్య శాఖతో రాసుకునే ఒప్పందంలో, నిధులు అయ్యాక నెలనెలా కాల్స్ ఖర్చు ఎవరు భరిస్తారో, భరించేవాళ్లు లేకపోతే ఎన్ని వారాల ముందు జనానికి ఆ గొంతుతోనే చెప్పి ఆపుతారో, ఆశాలకు ఇచ్చిన అదనపు పారితోషికం కొనసాగుతుందో లేదో, రోగుల బీపీ, మందుల రికార్డు ఏ తేదీకల్లా వాళ్ల ఆరోగ్య కేంద్రం చేతికి వస్తుందో రాసి ఉండాలి. ఆ కాగితం సంతకం కాకుండా మొదటి నంబరు కూడా నమోదు చేయకూడదు.